బంతి మధ్యలో లేచినవాడు

నర్సీపట్నం బస్సుల్లో కండక్టర్ ఉమామహేశ్వరరావు టిక్కెట్లు కొడుతూ వస్తున్నాడంటే సీట్ల మధ్య దారి మూసుకుపోయినట్టే. ఎవరైనా దిగాలంటే ముందు ఆయన దిగాలి. "కండక్టరంటే కండ కట్టరవ్వాలి. నేనేమో కండ కలెక్టరునయ్యాను" అని తనమీద తనే జోకేసుకుని అందరికంటే ముందు తనే పగలబడి నవ్వేవాడు. ముందు మనం నవ్వేస్తే ఎదుటివాడి నవ్వు గుచ్చుకోదని ఆయన సిద్ధాంతం.

ఆ సిద్ధాంతం ఒక్కసారి తప్పింది. ఆరేళ్ళ కిందట కోటవురట్లలో చెల్లెలు చిట్టితల్లి గృహప్రవేశం. అందరూ భోజనాల బంతిలో కూర్చున్నాక బావ సింగన్న సరదాకి, "మా బావకి రెండాకులెయ్యండ్రా, ఒకటి ఆయనకి, ఒకటి ఆయన పొట్టకి" అన్నాడు. బంతంతా ఘొల్లుమంది. ఉమామహేశ్వరరావు కలిపిన ముద్ద ఆకులోనే వదిలేసి లేచి వచ్చేశాడు. ఆ వైపు బంతి మధ్యలో లేవడమంటే ఆ ఇంటి అన్నాన్ని కాలదన్నడమే. చివరివాడు మజ్జిగన్నం ముగించేదాకా మొదటివాడు కూడా కదలడు. అంతే, రాకపోకలు తెగిపోయాయి.

మొన్న వేసవిలో సింగన్నే ఆర్టీసీ కాంప్లెక్సుకి వచ్చి బస్సు ఫుట్‌బోర్డు దగ్గర నిలబడ్డాడు. చెరుకు రైతు. ఉన్నమాట సూటిగా అనేసే రకం.

"మన అమ్మాయి శ్రీదుర్గకి సంబంధం కుదిరింది బావా. ఆదివారం నిశ్చయ తాంబూలాలు. నువ్వు రావాల."

"వస్తాను బావా. లీవు పెట్టేస్తాను."

"పెళ్ళిలో పిల్లని బుట్టలో ఎత్తుకొచ్చే మేనమామవి నువ్వే. మావోళ్ళేమో, ఆయన మళ్ళీ లెగిసిపోతాడంతన్నారు. నేను పూచీ పడ్డాను. ఒకటే ఆకేస్తాను. బంతి లెగిసేదాకా నా మాట నిలబెట్టు, సాలు."

ఉమామహేశ్వరరావుకి కళ్ళు చెమర్చాయి. పైగా ఇప్పుడు ఒక ఆకుకి సరిపడే మనిషవుతున్నాడు కూడా. రెండు నెలల కిందట మోకాళ్ళ నొప్పులకని వెళ్తే డాక్టరమ్మ కొవ్వుకి అడ్డం పడే మాత్రలు రాసింది. భోజనంతో పాటు ఒకటి. తిన్న కొవ్వులో ఇంచుమించు మూడో వంతు పేగుల్లో అరక్కుండా ఆపుతుందట.

"ఆగిందంతా బయటికి పోవాల్సిందే కదండీ" అందామె. "నూనె తగ్గించి తింటే ఇబ్బంది ఉండదు. ఎక్కువ తిన్నారో, మర్నాడు ఆపుకోలేరు. మాత్ర సాయం చేస్తుంది, అంతే. తిండి మీ చేతిలోనే ఉంది."

"అంటే మాత్ర పనిచేస్తుందిగానీ, మాత్ర మాత్రమే పనిచేయదన్నమాట" అన్నాడు ఉమామహేశ్వరరావు. చమత్కారం బాగా గుర్తుంది. అందులో నీతే గుర్తులేదు.

ఆ రెండు నెలలూ బుద్ధిగా ఆవిరికుడుములూ చారన్నమూ తిని నాలుగు కిలోలు తగ్గాడు. సరిగ్గా తాంబూలాల ముందురోజు డిపోలో మంగరాజు డ్రైవరు రిటైర్మెంటు విందు వచ్చింది. వేట మాంసం వేపుడు, చికెన్ పకోడీ, నెయ్యి కారుతున్న పలావు. "మాత్ర చెకింగ్ స్క్వాడు లాంటిది. టిక్కెట్టు లేని కొవ్వుని దింపేస్తుంది" అని ఒకటికి రెండు మాత్రలు మింగి పీకలదాకా లాగించాడు. దింపేసిన ప్రయాణికుడు ఎక్కడో ఒకచోట దిగాలి కదా అన్న ఆలోచన రాలేదు.

మర్నాడు కోటవురట్లలో సింగన్న ఇంటి ముందు టెంటు కింద బంతి వేశారు. వియ్యాలవారు ఎదురు వరసలో. సింగన్న నెయ్యి గిన్నె పట్టుకుని వచ్చి, "ఒకటే ఆకు బావా, సూసుకో" అన్నాడు. ఇద్దరూ నవ్వుకున్నారు. ఆరేళ్ళ తర్వాత మొదటి నవ్వు.

ముద్దపప్పు కలిపాడో లేదో పొట్టలో బస్సు స్టార్టయింది. చెమటలు పట్టాయి. పప్పు, కూర, పులుసు, పెరుగు. ఇంకా ఎన్ని స్టాపులో లెక్కేశాడు. బ్రేకు పడేలా లేదు. లేచి నిలబడ్డాడు.

బంతి మొత్తం చేతులాపింది. సింగన్న గిన్నె పట్టుకుని అలాగే ఉండిపోయాడు.

"ఏటి బావా, లెగిసిపోతన్నావు?"

ఒక్క మాట. కడుపు బాగాలేదు అంటే చాలు. కానీ ఎదురుగా వియ్యాలవారున్నారు, పొట్ట మాటెత్తితే మళ్ళీ నవ్వుతారు. రోజుకి వంద జోకులేసే నోటికి ఆ ఒక్క నిజం రాలేదు.

"డ్యూటీకి టైమైపోతంది" అనేసి, చెరుకు తోటలోకి పరుగులాంటి నడక నడిచాడు.

లీవు పెట్టి వచ్చానని పొద్దున్న అందరికీ చెప్పింది తనే. తిరిగొచ్చేసరికి తన ఆకు తీసేశారు. సింగన్న పెరుగు వడ్డిస్తున్నాడు. ఇటు చూడలేదు.

పెళ్ళికి శుభలేఖ రాలేదు.

నాలుగు నెలల తర్వాత చిట్టితల్లి ఆయన బస్సే ఎక్కింది. టిక్కెట్టు తీసుకుంటూ ఎగాదిగా చూసింది.

"సిక్కిపోయావేటన్నయ్యా?"

ఆ ఒక్క మాటకి ఉమామహేశ్వరరావు కరిగిపోయాడు. పక్కనే చతికిలబడి మాత్ర సంగతీ, పలావు సంగతీ, చెరుకు తోట సంగతీ గొంతు తగ్గించి చెప్పేశాడు. చిట్టితల్లి కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంది. తుడుచుకున్నా ఆగలేదు.

"ఆ రోజే సెప్పుంటే మీ బావ నవ్వలేక సచ్చేవోడు. నిన్ను బుజం మీద ఏసుకుని తెచ్చి మళ్ళీ ఆకేసేవోడు."

"ఇప్పుడు సెప్పు నువ్వు."

"ఇప్పుడు సెప్తే సాకనుకుంటాడన్నయ్యా. బంతిలో తలొంచుకుని నిలబడ్డది మీ బావ." కొంగు సర్దుకుని అంది, "బుట్ట సోమన్నెత్తాడు. మన పెదనాన్న కొడుకు. దుర్గ నీకోసం గుమ్మంకేసి సూస్తానే ఉంది."

కోటవురట్ల వచ్చింది. చిట్టితల్లి సంచి పట్టుకుని లేచింది. ఇదివరకైతే ఆయన ముందు దిగితేగాని ఆమె దిగలేకపోయేది. ఇప్పుడు పక్కనుంచి, చీర కూడా తగలకుండా, సులువుగా వెళ్ళిపోయింది.

'రైట్' అనే బదులు ఉమామహేశ్వరరావు బెల్లు తాడు లాగాడు.