పీచు మిఠాయి ఇచ్చిన ఆస్పత్రి

నేను ఒక చేతిపట్టీని. బంగారుదాన్ని కాను, వెండిదాన్నీ కాను. హైదరాబాదు పొలిమేరలో ఉన్న ఒక వినోదాల పార్కులో, టికెట్టు కొన్నవాళ్ల మణికట్టుకు చుట్టే, పువ్వు గుర్తున్న నారింజ రంగు కాగితపు పట్టీని. కాగితమంటే అల్లాటప్పా కాగితం కాదు. నీళ్లలో నానను, లాగితే చిరగను, కత్తెర పెడితే తప్ప ఊడను. మనిషి బతుకు మూన్నాళ్ల ముచ్చట అని మీరు వేదాంతం చెప్పుకుంటారు గానీ, నాది అచ్చంగా ఒక్కనాటి ముచ్చట. ఆ సంగతి నా ఒంటి మీదే అచ్చు వేశారు: ‘పెద్దలు. ఒక్క రోజు మాత్రమే.’ అలాంటి నేను ఆరేళ్లు బతికాను. అదీ ఒక అబద్ధం పుణ్యాన.

నేను పుట్టింది ఒక రేకుల షెడ్డులో. వెయ్యిమంది అక్కచెల్లెళ్లం ఒకే చుట్టలో పుట్టాం. పార్కు గేటు దగ్గర కూర్చున్న అమ్మాయి ఒక్కొక్కరినీ చింపి, వచ్చినవాళ్లకు అంటించేది. ఆమె ఎవరి ముఖమూ చూడదు. ఆమెకు మనుషులంటే మణికట్లే. నా ముందున్నవాళ్లంతా ఎవరెవరి చేతులకో అంటుకుని, సాయంత్రానికి చెత్తబుట్టలో కలిశారు.

నాకు దొరికింది స్వరూప ఎడమ చెయ్యి. సన్నటి చెయ్యి. గాజులు పైకి తోసుకుని నన్ను కట్టించుకుంది. పక్కనున్న సదానందం ఆమె మొగుడు, మేనబావ కూడా. జనగామలో కరెంటు పని చేస్తాడు. పెళ్లయిన కొత్తలోనే ఈ పార్కుకు తీసుకొస్తానని మాటిచ్చాడట. ఇంతలో లాస్య పుట్టింది, ఆ వెనకే చింటు. మాట అలాగే ఉండిపోయింది. ఇప్పుడు లాస్యకు ఐదేళ్లు, చింటుకు మూడు. ఇద్దరినీ స్వరూప తల్లి కనకమ్మకు అప్పగించి, మొగుడూ పెళ్లాలు మాత్రమే బస్సెక్కి వచ్చారు. రావాలని పట్టుబట్టింది స్వరూపే.

పిల్లల్ని వదిలి రావడమేమన్నా తేలికా? చెప్పు వేసుకుంటే చాలు, వెంటపడతారు. సదానందం దానికి తండ్రులందరికీ తెలిసిన మందే వేశాడు. “ఆస్పత్రికి పోతున్నం. మీరొస్తే మీకు గూడ సూదేస్తరు” అన్నాడు. పిల్లలు గప్‌చుప్. కనకమ్మకు మాత్రం ఒళ్లు మండింది. “ఏం మాటలు గవి సదానందం? పైన తథాస్తు దేవతలుంటరు” అని కసిరిందట. అత్త కోపాన్ని అనుకరిస్తూ అతను క్యూలో ఇదంతా చెప్పి పకపకా నవ్వాడు. స్వరూప నవ్వలేదు.

ముఖాల సంగతి నాకు తెలియదు గానీ, చేతుల సంగతి బాగా తెలుసు. ఈ ఎడమ చెయ్యి ఊరికే ఉండేది కాదు. చున్నీ సర్దుకునే వంకతో కుడి చంక కిందికి పోయేది. అక్కడ రొమ్ము పక్కన ఒకచోట వేళ్లు ఆగేవి, మెల్లగా నొక్కేవి, చప్పున వెనక్కి వచ్చేవి. బొంగరంలా తిరిగే కుర్చీల దగ్గర నాలుగుసార్లు, అన్నం తింటున్నప్పుడు రెండుసార్లు. వేళ్లు వెనక్కి వచ్చినప్పుడల్లా నా కింద నాడి దడదడా కొట్టుకునేది. సదానందం సమోసా ఉప్పగా ఉందని గొణుగుతున్నాడు. ఎదురుగా కూర్చుని పెళ్లాం చెయ్యి ఎక్కడికి పోతోందో చూడలేని మగవాడు, ఊళ్లో అందరి ఇళ్లలో ఏ తీగ ఎక్కడికి పోతుందో చెప్పగలడు.

మధ్యాహ్నం పెద్ద నీళ్ల జారుడుబండ ఎక్కడానికి ఇనుప మెట్ల మీద నిలబడ్డారు. ముందు జనం, వెనక జనం. సగం మెట్లు ఎక్కాక స్వరూప ఆగి అంది.

“బావా, నాకు ఈడ గడ్డ లెక్క ఒకటి తల్గుతున్నది. మూడు నెలలాయె.”

“ఏడ?”

ఆమె అతని చెయ్యి పట్టుకుని చూపించింది. అతని వేళ్లు అక్కడే ఆగిపోయాయి.

“మూడు నెలలా? ఇంటికాడ చెప్పొద్దా? ఈడనా చెప్పేది?”

“ఇంటికాడ ఎప్పుడు చెప్పాలె? నోరు తెరిస్తె పదిసార్లు అమ్మా అంటరు. వాళ్లు పండుకునేసరికి నువ్వు పండుకుంటవ్. వాళ్ల ముందట చెప్తె ఏడుస్తనని భయం. అందుకే గీడికి తోల్కరమ్మన్న.”

అప్పుడర్థమైంది నాకు, ఆమెకు సరదా కాదు కావలసింది, రెండు నిమిషాలు. వాటికోసం ఇంత దూరం రావలసి వచ్చింది.

“దిగుదం పా, ఇంటికి పోదం” అన్నాడతను. వెనక జనం తోస్తున్నారు. “మెట్ల మీదికెల్లి దిగనియ్యరు. జారుడే” అంది స్వరూప. పైకెక్కి, కూర్చుని, జారింది. నేను ఎన్నో అరుపులు విన్నాను ఆ రోజు. ఆమె అరిచిన అరుపులో భయం ఉంది, ఏడుపు ఉంది, మూడు నెలలుగా నోరు మూసుకున్న ఉక్రోషం ఉంది. నీళ్లలో మునిగి లేచేసరికి మాత్రం నవ్వుతోంది. మళ్లీ ఎక్కింది. రెండోసారి సదానందం గట్టున తల పట్టుకుని కూర్చున్నాడు. మూడోసారి అతని రెక్క పట్టి లాక్కుపోయింది. ఇద్దరూ కలిసి జారారు.

ఇంటికి వెళ్లేసరికి లాస్య గుమ్మంలోనే ఉంది. నన్ను చూసింది.

“అమ్మా, ఇదేంది?”

స్వరూప మొగుడి వైపు చూసింది. “ఆస్పత్రిల కట్టిండ్రు బిడ్డా” అన్నాడు సదానందం. తడి జుట్టు చూసి అడిగితే అక్కడే తలస్నానం చేయించారన్నాడు. నీళ్లలో కలిపిన మందు వాసన ఒంటికి పట్టి ఉంది కాబట్టి పిల్ల నమ్మింది. చేతిలో గులాబి రంగు పీచు మిఠాయి పొట్లం? అదీ ఆస్పత్రివాళ్లే ఇచ్చారు. లాస్య తిని, చాలాసేపు ఆలోచించి, “మల్ల నన్నెందుకు తోల్కపోలే?” అంది. స్వరూప కత్తెరతో నన్ను కత్తిరిస్తే లాస్య తీసుకుపోయి తన ఎలుగుబంటి బొమ్మ కాలికి టేపుతో అంటించింది. అక్షరాలు లోపలి వైపుకు పోయాయి. ఆ రోజు నుంచి ఎలుగుబంటికి రోజూ సూది, తర్వాత మిఠాయి.

తెల్లారి వాళ్లు నిజంగానే ఆస్పత్రికి బయల్దేరారు. చింటు ఏడవబోతే లాస్యే సముదాయించింది. “ఏడ్వకురా, మంచిగుంటది ఆడ. పొద్దుమీకి వస్తది. అమ్మా, పీచు మిఠాయి మర్వకు!” స్వరూప వెనక్కి తిరిగి చెయ్యి ఊపింది. ఆ చేతికి నేను లేను. కనకమ్మ వంటింట్లోకి పోయి నోట్లో కొంగు కుక్కుకుంది.

ఆ తర్వాత పదకొండు నెలలు స్వరూప పోతూ వస్తూ ఉంది. ఒకసారి తెల్లటి పట్టీతో వచ్చింది, దాని మీద పేరూ నంబరూ ఉన్నాయి. తర్వాత తడి జుట్టు కాదు కదా, జుట్టే లేకుండా వచ్చింది. ప్రతిసారీ మిఠాయి మాత్రం తెచ్చేది. ఆస్పత్రి బయట ఎక్కడ వెతికి కొనేవాడో సదానందానికే తెలుసు. ఆఖరిసారి మిఠాయి రాలేదు, ఆమే రాలేదు. ఇల్లంతా ఏడుస్తుంటే లాస్య ఎలుగుబంటిని ఒళ్లో పెట్టుకుని గుమ్మంలో కూర్చుంది. సాయంత్రానికి వస్తుందని ఆ పిల్లకు గట్టి నమ్మకం. ఆ నమ్మకానికి సాక్ష్యాన్ని నేనే. నోరుంటే నిజం చెప్పి ఉందునో, నేనూ మనిషినై పీచు మిఠాయి చేతిలో పెట్టి ఉందునో తెలియదు.

మొన్న లాస్యను బడివాళ్లు విహారయాత్రకు తీసుకెళ్లారు. ఇప్పుడు ఆరో తరగతి. సాయంత్రం వచ్చీ రాగానే బీరువా మీదున్న ఎలుగుబంటిని దించి, టేపు గోటితో గీకి, నన్ను ఊడదీసింది. ఆమె మణికట్టుకు నా చెల్లెలు ఉంది. అదే నారింజ రంగు, అదే పువ్వు గుర్తు. నా లోపలి వైపున్న మాటలు చదివింది, మళ్లీ చదివింది. సదానందం పని సంచి దించేదాకా కదల్లేదు.

“నాన్నా, ఇది ఆస్పత్రిది కాదు.”

అతను రెండు పట్టీలనూ చూశాడు. అక్కడే కింద కూలబడ్డాడు. “కాదు బిడ్డా.”

“అమ్మ పెద్ద జారుడుబండ ఎక్కిందా?”

“మూడుసార్లు.”

“నవ్విందా?”

“నవ్వింది. ఆడనే నాకు చెప్పింది, గడ్డ సంగతి. మీరుంటె చెప్పలేకపోతున్న అన్నది.”

లాస్య వేళ్లు మడిచి ఏదో లెక్క చూసుకుంది. “అంటే తెల్లారి పోయిందే నిజం ఆస్పత్రికా?”

“అవ్.”

“నేను మిఠాయి తెమ్మన్న నాన్నా. ఏడ్వలే. నవ్వుకుంట పంపిన.”

అంతవరకు ఆ పిల్ల అమ్మ కోసం ఏడవగా నేను చూడలేదు. ఇన్నేళ్ల ఏడుపు ఒక్కసారే వచ్చింది. సదానందం దగ్గరికి తీసుకోబోతే తోసేసింది, తర్వాత తనే వచ్చి అతని చొక్కా పట్టుకుంది. చెప్పడానికి ఇంకో అబద్ధం అతని దగ్గర మిగల్లేదు.

ఏడుపు ఆగాక తన చేతి పట్టీని కత్తిరించి చెత్తబుట్టలో వేసింది. నన్ను మాత్రం మళ్లీ ఎలుగుబంటి కాలికే అంటించింది. ఈసారి అక్షరాలు బయటికి పెట్టి.