దీర్ఘం

తువ్వాలును నాలుగోసారి పిండి, నాలుగు మడతలు పెట్టి, తిరుపాలమ్మ దాన్ని మళ్ళీ నీలం బకెట్ అడుగున పరిచింది. కప్పు నుంచి చుక్క రాలింది. చప్పుడు లేదు. మంచం మీది ముసలామె కనురెప్ప కదలలేదు. 

ఉత్త బకెట్‌లో చుక్క పడితే గదంతా టప్పుమంటుంది. పక్షవాతం వచ్చిన ఈ మూడేళ్ళలో ముసలామెకు కుడి కాలూ కుడి చెయ్యీ పడిపోయాయి, మాట చాలావరకు పోయింది, వినికిడి మాత్రం పదునెక్కింది. చుక్క చుక్కకూ ఆమె ఎడమ కన్ను అదిరేది. అడుగున బట్ట పరిస్తే చప్పుడు అణిగిపోతుందని కనిపెట్టింది తిరుపాలమ్మే. అయితే బట్ట తాగేదానికీ ఒక హద్దు ఉంది. అరగంటలో అది నీళ్ళలో మునిగిపోతుంది. మునిగిందా, మళ్ళీ టప్పు టప్పు మొదలు. అందుకని అరగంటకోసారి పిండవలసిందే.

నిజానికి తెల్లవారుజామున నాలుగింటికే ఆమె ఈ ఇల్లు విడిచి వెళ్ళిపోయింది. ఆరో రింగు రోడ్డు వంతెన కింద నీళ్ళు కారు కిటికీల ఎత్తున నిలిచాయని పోలీసులు వెనక్కి మళ్ళించారు. విమానం సాయంత్రానికి మారిందని అంతలోనే ఫోనుకు కబురు వచ్చింది. ఆరింటికి తడిసిన పెట్టెతో జహ్రాలోని ఈ ఇంటికే తిరిగివచ్చి, ఊరికి కట్టుకున్న ఆకుపచ్చ చీర మీదనే పాత జలాబియా, పాదాల దాకా వచ్చే పొడుగు అంగీ, తొడుక్కుని పనిలోకి దిగింది. ముసలామె నిద్ర లేచేసరికి అన్నీ ఎప్పటిలాగే కనబడాలి కదా.

ఇరవై రెండేళ్ళ క్రితం, భర్త పోయిన ఏడాదికి, రాయచోటి దగ్గరి పల్లె నుంచి ఆమె ఈ అరబ్బు దేశానికి, ఈ ఇంటికి పనికి వచ్చింది. అరబ్బీలో 'ప' లేదు గనుక ఇక్కడ ఆమె తిరుబాల. మొన్నటి అక్టోబరులో ఒకనాడు ముసలామెను కుర్చీలోంచి మంచం మీదికి మార్చబోతే తిరుపాలమ్మ మోకాళ్ళు రెండూ ఒక్కసారే మడతపడ్డాయి. ఇద్దరూ ఒకరినొకరు పట్టుకునే మెల్లగా నేల మీదికి జారారు. దెబ్బలేమీ తగలలేదు. కాని ముసలామె కోడలు, ఇంటి యజమానురాలని ఆమెను తిరుపాలమ్మ మామా అంటుంది, గుమ్మంలో నిలబడి ఆ దృశ్యాన్ని చూసింది. కసరలేదు. "ఖలాస్, చాలు తిరుబాల. ఇక నీ ఊళ్ళో కాళ్ళు చాపుకుని కూర్చో" అని ఇక్కడ ఉండే అనుమతి, ఇఖామా, గడువు తీరే నాటికి టికెట్టు తీసింది. పనికి ముబీనా అనే కడప మనిషిని మాట్లాడింది. చివరికి, అమ్మ అనే అర్థంలో ఇంట్లో అందరూ ముసలామెను పిలిచే మాటతో, ఒక్క షరతు పెట్టింది: "యుమ్మాకు చెప్పొద్దు."

ఆ షరతుకు కారణం ఉంది. కిందటేడు తిరుపాలమ్మ నలభై రోజుల సెలవు మీద ఊరికి పోతున్నానని చెప్పి వెళితే, ముసలామె ఎవరు పెట్టినా నోరు తెరవలేదు. నాలుగో రోజుకు ఆసుపత్రి పాలైంది. చెప్పినందుకు తినలేదా, వెళ్ళినందుకు తినలేదా అన్నది ఎవరికీ తెలియదు. ఈసారి అట్లా జరిగితే ఆ ఒళ్ళు తట్టుకోదని డాక్టరు చెప్పాడు. అందుకే నిద్రలో ఉండగా వెళ్ళిపోవడం మేలని తిరుపాలమ్మ కూడా ఒప్పుకుంది. చెప్పకుండా పోవడం దొంగతనంలా ఉన్నా ఒప్పుకుంది.

పది గంటలకు వాన మళ్ళీ పెరిగింది. బడులకూ ఆఫీసులకూ సెలవిచ్చారు. ఇల్లంతా రగ్గుల కింద ఉంది. హోష్‌లో, అంటే వాకిట్లో, నిలిచిన నీళ్ళు గడప దాటి వంటింట్లోకి వస్తుంటే తిరుపాలమ్మ వైపరుతో బయటికి తోసింది. తోసిన కొద్దీ వచ్చాయి. మిద్దె మీద తూములు ఇసుకతో పూడుకుని ఉంటాయని ఆమెకు తెలుసు. మోకాలికి కట్టిన గుడ్డ బిగించి, ఒక్కొక్క మెట్టుకూ రెండు పాదాలూ ఆనించుకుంటూ పైకి ఎక్కింది. చలిగాలికి చెవులు దిమ్మెక్కాయి. వడగళ్ళు కరిగి మడమల లోతున నిలిచిన నీటిలో చెయ్యి పెట్టి తూము కోసం తడిమింది. ఉదయం నుంచి నీళ్ళలో నానిన వేళ్ళు ముడతలు పడి, తెల్లబడి, ఎవరివో చేతుల్లా ఉన్నాయి.

వెనకాలే చీపురు కర్ర పట్టుకుని డ్రైవరు బుడేన్ సాహెబ్ వచ్చాడు. ఆయనదీ రాయచోటే.

"ఏమ్మే తిరుపాలమ్మా, టిక్కెట్టు జేబులో పెట్టుకోని మిద్దెక్కి తూములు పొడస్తాండావే! ఇంగ ఈ ఇల్లు మునిగితే నీకేమి, తేలితే నీకేమి?"

"మునిగితే కింద ముసల్దుండాదన్నా. ఆ కర్ర ఇట్లియ్యి."

"ఇన్నేండ్లు వీళ్ళ ఏసీలకు వణికితిమి. ఈ పొద్దు పైనోడే ఏసీ ఏసినాడు సూడు."

"మాటలు మాని దావ సంగతి జెప్పు. పోగలమా?"

"నీళ్ళు తోడి ఒకపక్క వదుల్తాండారంట. రెండున్నరకు బయల్దేరితే సాలు. కారులోనా పుట్టిలోనా అని మాత్రం అడగొద్దు."

తిరుపాలమ్మ కర్ర అందుకుని తూములోకి పొడిచింది. కర్ర దిగిన చోట నీళ్ళు సుడి తిరిగి గుటకవేసినట్లు లోపలికి పోయాయి. అయినా గది కప్పు అప్పటికే తాగినంత తాగి ఉంది. సాయంత్రం దాకా కారుతూనే ఉంటుంది.

కిందికి వచ్చి తువ్వాలు పిండుతూ ముబీనాను పిలిచి చూపించింది. ముబీనా నలభై ఏళ్ళ మనిషి, హవల్లీలో ఆరేళ్ళు చేసి వచ్చింది. ఒక్క చేత్తో ముసలామెను పక్కకు తిప్పగలదు.

"అరగంటకొకసారి పిండల్లనా? యాలక్కా అంత కష్టం! పెద్ద బకెట్ పెడితే పోలా?"

"నీళ్ళు పట్టనీకి కాదు మా. సప్పుడు గాకుండా."

"సప్పుడైతే ఏమైతాది?"

"ఆమెకు కన్ను మూతపడదు."

ముబీనా మొహమాటానికి తలూపి పొయ్యి దగ్గరికి పోయింది.

ముసలామె కిటికీ వైపు చూస్తూ, "మతర్" అంది.

"అవును యుమ్మా, మతర్. వాజిద్ మతర్" అంది తిరుపాలమ్మ. వానే, చాలా వాన.

ఆ మాట నేర్పింది ముసలామే. వచ్చిన మొదటి చలికాలం ఇట్లాగే ఒక వాన పడితే, తిరుపాలమ్మ హోష్‌లోంచి పరుగెత్తుకొచ్చి "మామా, మతార్! మతార్!" అని అరిచింది. ఇల్లంతా ఒకటే నవ్వు. మతర్ అంటే వాన, మతార్ అంటే విమానాశ్రయం. ఏ విమానం దిగిందని పిల్లలు వారం రోజులు ఏడిపించారు. ముసలామె ఒక్కతే నవ్వకుండా ఆమెను పక్కన కూర్చోబెట్టుకుంది. రెండు వేళ్ళు గిల్లినట్లు కలిపి "మతర్" అంది. తరువాత ఆ వేళ్ళనే దారం లాగినట్లు పక్కకు సాగదీస్తూ "మతా...ర్" అంది. తెలుగులో ఓనమాలు దిద్దని తిరుపాలమ్మకు దీర్ఘమంటే ఏమిటో అరబ్బీలో తెలిసింది.

ఇప్పుడు ముసలామె నోట దీర్ఘాలు రావు. మిగిలిన నాలుగు మాటలూ కొసలు కొరికినట్లు పొట్టిగా వస్తాయి. పొద్దుటి నుంచి "మతర్" అన్నప్పుడల్లా తిరుపాలమ్మ అవునవునని జవాబిస్తూనే ఉంది. ఏడోసారో ఎనిమిదోసారో చెబుతూ తలెత్తి చూసింది. ముసలామె కిటికీ వైపు కాక తన ముఖం వైపు చూస్తోంది.

రెండు గంటలకు గోధుమ నూకతో వండిన జరీష్ గిన్నె తెచ్చింది. తినిపించేముందు బకెట్ చూడడం అలవాటు. వంగి తువ్వాలు పిండుతుంటే జలాబియా అంచు పైకి లేచి, కింద ఆకుపచ్చ చీర జానెడు కనిపించింది. మంచం మీంచి ఎడమ చెయ్యి దిగి ఆ జరీ అంచును పట్టుకుంది.



"మతర్" అంది ముసలామె.

"అవును యుమ్మా, వాన..."

"లా." కాదు.

చీర వదిలి, రెండు వేళ్ళను దగ్గరకు చేర్చింది. కలిసిన వేళ్ళను రగ్గు మీద మెల్లగా, చాలా మెల్లగా, మంచం అంచు దాకా లాక్కుంటూ పోయింది. నోరు మాత్రం "మతర్" అనే పలికింది. మిగతా దీర్ఘమంతా చెయ్యి తీసింది.

మామా పెట్టిన షరతు తిరుపాలమ్మకు గుర్తుంది. డాక్టరు మాట కూడా గుర్తుంది. అయినా ఇరవై రెండేళ్ళలో ఒక్కసారి కూడా ఆ ముఖం ముందు ఆమె అబద్ధమాడలేదు, ఈ ఉదయం తప్ప.

"అవును యుమ్మా," అంది. "మతార్."

 ముసలామె కళ్ళు మూసుకుంది. తిరుపాలమ్మ గిన్నె అందుకుని చెంచా నోటి దగ్గర పెట్టింది. పెదవులు విడలేదు. మరోసారి పెట్టింది. విడలేదు. గుమ్మంలో ముబీనా వచ్చి నిలబడింది.

తిరుపాలమ్మ చెంచాను చూసింది. లేచి దాన్ని ముబీనా చేతిలో పెట్టి, భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టింది. "చెంచా కొస మీదే పెట్టు. తొందరపడొద్దు" అని మాత్రం చెప్పింది.

ముసలామె కళ్ళు తెరిచింది. ముబీనాను చూసింది. తిరుపాలమ్మను చూసింది. చాలాసేపటికి, ఏదో బరువైన తలుపు తీసినట్లు, నోరు తెరిచింది.

రెండో చెంచా, మూడో చెంచా. నాలుగోది నములుతూ ఎడమ చేతిని రగ్గు మీంచి కొంచెం పైకెత్తి, పిల్లలను బడికి తోలినట్లు, తలుపు వైపు ఊపింది.

జలాబియా విప్పి వంటింటి కొక్కానికి తగిలించి, తిరుపాలమ్మ పెట్టె ఎత్తుకుంది.

రోడ్డంతా ఎర్రనీళ్ళు. బుడేన్ సాహెబ్ ముక్కు అద్దానికి ఆనేలా వంగి నడుపుతున్నాడు. విమానం బొమ్మ ఉన్న పచ్చబోర్డు వానలో మసకగా దగ్గరికి వచ్చింది.

"ఏందమ్మే, పలకవు? ఇమానం యాడికీ పోదులే."

"టైమెంతన్నా?"

"మూడు దాటింది."

చివరిసారి పిండింది రెండు గంటలకు. తిరుపాలమ్మ ముడతలు విడని వేళ్ళను చూసుకుని, ఒళ్ళో పెట్టుకుంది.

జహ్రాలో ఆ మంచానికి జానెడు దూరంలో, నీలం బకెట్ అడుగున, నాలుగు మడతల తువ్వాలు ఈపాటికి తాగవలసినంతా తాగి, నీళ్ళ కింద తెల్లగా కనబడుతూ ఉంటుంది.