చింతలమెట్ట సున్నా

శనివారం శనివారం చోడవరం చుట్టుపక్కల ఇళ్ళకెళ్ళి వైద్యం చేసే డాక్టర్లు చీటీలు రాసి పంపేవారు: ఏ ఊళ్ళో ఎన్ని జ్వరాలు, ఎన్ని విరేచనాలు, ఎంతమందికి తట్టు. గుమాస్తా రమామణి వాటన్నిటినీ ఒకే పెద్ద కాగితం మీదకి ఎక్కించి నాలుగు గంటల బస్సులో విశాఖపట్నం పంపేది. దాన్ని చూసే అక్కడివాళ్ళు ఏ ఊరికి మందులు పంపాలో తేల్చేవారు.

ఆ కాగితం మీద జ్వరాలున్న ఊరి వరస నిజంగానే వేడెక్కేది. ముసురు రోజుల్లో బంట్రోతు దాసు తన కేరేజీని మాడుగుల వరస మీద పెట్టి వెచ్చబెట్టుకునేవాడు. బస్సు కండక్టరు మాత్రం తువ్వాలు లేకుండా కవరు ముట్టుకునేవాడు కాదు, మహా సుకుమారం!

డెబ్భై మూడు ఆగస్టులో ఒక శనివారం గణపతిరావు డాక్టరుగారి చీటీ చూసి, చింతలమెట్ట ఎదురుగా జ్వరాలు సున్నా అని రాసింది రమామణి. సున్నా చుట్టిందో లేదో వేలు చుర్రుమంది. వారం కిందటే ఆరేళ్ళ కూతురు జానకిని ఆ ఊళ్ళో తన తల్లి దగ్గర దింపి వచ్చింది.

డాక్టరుగారు వాకిట్లో స్కూటరు తీస్తున్నారు. కాగితం పట్టుకుని పరుగెత్తింది.

"చింతలమెట్ట వెళ్ళేరాండీ?"

"గెడ్డ పొంగిందమ్మా, ఎలా వెళ్తాను? కబురు రాలేదంటే ఎవరికీ ఏం లేనట్టే. అందరం అలాగే రాస్తాం."

"కబురు తెచ్చేవాడు గెడ్డ దాటలేడు కదండీ! దీనిమీద ఓసారి చెయ్యి పెట్టండి."

ఆయన పెట్టలేదు. ముప్పై ఏళ్ళుగా ఒకరి చేత మాట పడని మనిషి.

దాసు చెయ్యి చాపేడు. "బస్సు ఎల్లిపోతంది అమ్మగారూ, ఇచ్చియ్యండి."

కాగితం అంచు మాడుతోంది. రమామణికి ఇంక సిగ్గూ భయం రెండూ పోయాయి. ఆయన చెయ్యి లాక్కుని సున్నా మీద అదిమేసింది.

"అబ్బా!" అరచేతిలో బొబ్బ. ఆయన కేకలేస్తారనుకుంది. కానీ ఆయన ముఖం పాలిపోయింది. "దాసూ, నా బేగు పట్టుకో. గెడ్డ దాటించే మనిషిని పిలు."

ఆవిడ సున్నా కొట్టేసి, 'చూడలేదు, మందులు పంపండి' అని రాసి బస్సుకిచ్చింది. అంతే వేడిగా ఉన్న ఆఫీసు నకలు ముందు పెట్టుకుని ఆ వరస మీంచి చెయ్యి తియ్యలేదు. జ్వరం తగ్గినా వరస చల్లబడుతుంది, మనిషి పోయినా చల్లబడుతుంది. ఆ రెండిటికీ తేడా కాగితం చెప్పదు. అరచెయ్యి కమిలిపోతున్నా, చల్లబడకూడదనే దేవుళ్ళందరికీ మొక్కుకుంది.

చీకటి పడేవేళ వేడి తగ్గడం మొదలైంది. రమామణి రెండో చెయ్యి కూడా దానిమీద పెట్టింది. తగ్గి తగ్గి గోరువెచ్చన దగ్గర ఆగింది.

మర్నాడు పొద్దున్న డాక్టరుగారు మోకాళ్ళదాకా బురదతో వచ్చేరు.

"చలిజ్వరాలు ఇరవై మూడు, రాసుకో. మీ అమ్మాయికి తెలివి లేదమ్మా నేను వెళ్ళేసరికి. ఇంకో పూటైతే దక్కేది కాదు. తెల్లవారుజామున రెండో సూది వెయ్యబోతే..." మణికట్టు చూపించేరు. "ఇదిగో, కరిచింది."

చిన్న చిన్న పళ్ళగాట్లు, పైన ఒక పంటి గాటు లేదు. జానకికి ఆ పన్ను ఊడి పదిరోజులైంది. రమామణి ఆ ఖాళీని వేలితో తడిమి, అప్పుడు ఏడ్చింది.