తెక్లా దొరసాని శవపేటిక బొమ్మ

తెక్లా దొరసానికి జ్వరం తగిలింది. వార్తా అనే నది ఒడ్డున దొరల ఇళ్ళల్లో జ్వరం ముదిరితే వైద్యుడికన్నా ముందు చిత్రకారుడు దిగుతాడు. శవపేటిక తలవైపు బిగించే తగరపు పలక మీద, పోయినవాళ్ళ ముఖం తైలవర్ణాల్లో ఉండి తీరాలి. వచ్చిన చుట్టాలను ఆ ముఖమే పలకరించాలి. అది లేని చావు పెళ్ళికొడుకు లేని పెళ్ళి.

అంచేత ఆమె బావగారి కొడుకు ఒనుఫ్రీ, యాకుబ్ అనే చిత్రకారుణ్ణి బండెక్కించి మరీ తెచ్చాడు. చుట్టాలకు కబుర్లు ముందే వెళ్ళాయి. ఇంటి తాళాలూ ధాన్యపు కొట్టు తాళాలూ ఇచ్చేసి మఠంలో చేరమని అతను పిన్నిని ఎన్నాళ్ళుగానో పోరుతున్నాడు. ఆవిడ వాటిని దిండు కిందనుంచి కదలనివ్వలేదు.

నల్ల ముసుగు, దించిన చూపు, చేతిలో జపమాల వెయ్యమని ఒనుఫ్రీ యాకుబ్ చెవిలో గుసగుసలాడాడు. అలా వేస్తే ఆవిడ లోకాన్ని వదిలేసిందని చుట్టాలే ఒప్పుకుంటారట.

దొరసాని చెవులకు జ్వరం లేదు. దిగ్గున లేచి కూర్చుంది. ఆ విసురుకు మంచం కోళ్ళు నేలలో జానెడు దిగాయంటారు, బెత్తెడన్నా నమ్మొచ్చు.

"పడుకో పిన్నీ, నీకు ఒంట్లో బాగాలేదు."

"బాగాలేనిది నీకు నాయనా. నేనింకా ఊపిరి తీస్తుంటే నీకు ఆయాసం వస్తోంది."

నక్కతోలు టోపీ తెప్పించి పెట్టుకుంది. తాళాలగుత్తి పిడికిట బిగించి చెంప పక్కకు ఎత్తింది. శవపేటిక బొమ్మలో తాళాలు వేసే ఆచారం లేదని యాకుబ్ నసిగాడు.

"శవమే లేదు, ఆచారం దేనికయ్యా? వెయ్యి. చూపు మాత్రం వీడి మీద పెట్టు."

ఒనుఫ్రీ ఏ మూలకు జరిగితే ఆ మూలకే ఆమె చూపు తిరిగింది. తెర వెనక దూరితే తెరనే చూసింది. బొమ్మ పూర్తయ్యేసరికి ఆ కళ్ళు ఎంత ఘాటుగా కుదిరాయంటే, యాకుబ్ కుంచెలు కడగడానికి పలకకు వీపు తిప్పుకున్నాడు.

రంగు ఆరేనాటికి చుట్టాలు నల్లబట్టలతో దిగారు. బతికున్న మనిషిని చూసి ఏడవాలో నవ్వాలో తెలియక నిలబడ్డారు. ఒనుఫ్రీ ఆ అదను వదల్లేదు.

"పెద్దలందరూ ఉన్నారు. ఇప్పుడైనా తాళాలు ఇచ్చెయ్ పిన్నీ."

దొరసాని పలక ఎత్తి అందరికీ చూపించింది. "నేను పోయాక కూడా ఇవి ఎవరి పిడికిట్లో ఉంటాయో చూసుకోండి. లాక్కునే దమ్ముంటే దీని దగ్గర లాక్కోమనండి."

ఒనుఫ్రీ చెయ్యి చాచబోయి, పలకలోని కళ్ళు చూసి, ఆ చేత్తోనే మీసం సవరించుకున్నాడు.

జ్వరం ఇంకా పూర్తిగా దిగలేదు. అయినా ఆవిడ సుత్తి అడిగి తీసుకుని, చుట్టాలంతా వెంట నడుస్తుంటే, ఆ పలకను ధాన్యపు కొట్టు తలుపు మీద తానే మేకులు కొట్టి బిగించింది.