మెడ కింద చెయ్యి

తల్లి ఆఖరి ఘడియలో కొడుకు చేతిని తోసేసి కోడలిని పిలిచింది. ఆ తప్పు కోడలిదే. ఆ ఇంట్లో అది ఎప్పుడో తేలిపోయిన సంగతి.

భార్య మీద ఆయన ఆ మాట ఎత్తడానికి సందర్భం అక్కర్లేదు. కూరలో ఉప్పు తగ్గినా అదే, చొక్కా గుండీ ఊడినా అదే. ఇవాళ ఆమె కిటికీ దగ్గర కూర్చుని, ఆయన పాత ప్యాంటును మోకాళ్ళ దగ్గర కత్తిరించి, తన దగ్గర ఈత నేర్చుకోవడానికి కొత్తగా వస్తున్న పిల్ల కోసం కుడుతోంది. ఆయన మంచం మీంచి అందుకున్నాడు.

"ఊరందరికీ నీ ఉపకారమే. మా అమ్మకి ఏం మందు పెట్టావో గానీ, కన్నకొడుకు చెయ్యి చేదయిపోయింది."

ఆమె సూదిలోకి దారం ఎక్కించే పనిలో ఉంది. డెబ్బై దాటిన కళ్ళు. దారం ఓ పట్టాన ఎక్కలేదు. కిటికీ కింద ఏరు. నీటి వెలుగు గది పైకప్పు మీద మెల్లగా ఊగుతోంది. అది చూస్తే చాలు, చేతిలో పని చేతిలోనే ఉంటుంది, ఆమె మాత్రం నీళ్ళలోకి జారిపోతుంది.

ఆమె పడవవాడి కూతురు. నడక కన్నా ముందు ఈత వచ్చింది. పెళ్ళయ్యాక అత్తగారు "కోడలు కప్పలా ఈదిందంటే నలుగురిలో తలెత్తుకోలేం" అంటే సరేనని మరిచిపోయినట్టు నటించింది. ఒక మధ్యాహ్నం ఒడ్డుకు దగ్గర్లోనే పడవ తిరగబడింది. మగవాళ్ళు ఈదుకుంటూ వచ్చేశారు. ఆడవాళ్ళు కాళ్ళకు చుట్టుకున్న బట్టలతో మునిగిపోయారు. ఆమె దూకింది. జుట్టు చేతికి దొరికినవాళ్ళను లాక్కొచ్చింది. ఒకామె జుట్టు వేళ్ళ మధ్య నుంచి నాచులా జారిపోయింది. ఆ జారడం ఇప్పటికీ నిద్రలో ఆమె వేళ్ళకు తెలుస్తూనే ఉంటుంది. ఆ మర్నాటి నుంచి బట్టలుతికే బండల వెనక ఆడవాళ్ళకు ఈత నేర్పడం మొదలుపెట్టింది. వంట చేసి, ఆయన క్యారియర్ కట్టి, నీళ్ళలోకి వెళ్ళి, జుట్టు ఆరకముందే మళ్ళీ పొయ్యి దగ్గరికి. ఎక్కడ వరదొచ్చిందని విన్నా లారీ ఎక్కేసేది. ముక్కూమొహం తెలియని ఊళ్ళలో ఇళ్ళ కప్పుల మీది నుంచి ముసలివాళ్ళను దించి, తనే తెడ్డు వేసుకుంటూ తెచ్చి, బడి బల్లల మీద పడుకునేది. ఇంటికొస్తే తను తిని వెళ్ళిన కంచం కూడా అలాగే ఎండిపోయి ఉండేది. ఒకసారి పెద్ద హాల్లో సన్మానం చేశారు. "ఇంత సహనం చూపించిన భర్తగారికి ముందు" అని ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి దండ వేశారు. ఆమె వెనక నిలబడి చప్పట్లు కొట్టింది. నవ్వొచ్చింది కూడా.

ఆ రోజుల్లోనే, ఒక పొద్దున ఈతకొచ్చినవాళ్ళంతా వెళ్ళిపోయాక, అత్తగారు బండల మీదుగా దిగి వచ్చింది.

"నాకేం పట్టుబడదులే. ఒక్కసారి చూద్దామని. వాడికి చెప్పకు, నవ్వుతాడు."

కోడలు ఆవిడ మెడ కింద ఒక చెయ్యి, నడుం కింద ఒక చెయ్యి పెట్టి నీళ్ళ మీద వెల్లకిలా పడుకోబెట్టింది. ఇంట్లో అంత బరువైన మనిషి నీళ్ళలో చంటిపిల్లంత అయిపోయింది. తెల్లజుట్టు విడిపోయి చుట్టూ పరుచుకుంది.

"పిల్లల్ని మోశాను, బిందెలు మోశాను, తాగొచ్చిన మొగుణ్ణి మోశాను. నన్నెవరూ మొయ్యలేదే అమ్మాయ్." కాసేపాగి, "వదిలేశావా?"

"లేదత్తయ్యా."

అప్పటికే వదిలేసింది. అత్తగారు తేలుతోంది. ఆ సంగతి తెలిసి చిన్నపిల్లలా నవ్వింది. మంచాన పడేదాకా వస్తూనే ఉంది. ఇంట్లో మాత్రం సాధింపు మానలేదు. మానితే అనుమానం వస్తుందని ఇద్దరికీ తెలుసు.

ఆఖరి ఘడియలో కొడుకు తల్లి మెడ కింద చెయ్యి పెట్టాడు, మూట ఎత్తినట్టు. "నువ్వు కాదురా. దాన్ని పిలువు" అని ఆ చేతిని తోసేసింది. కోడలు సబ్బు చేతులతోనే వచ్చింది. మెడ కింద ఒకటి, నడుం కింద ఒకటి.

"వదిలేశావా?"

"లేదత్తయ్యా."

ఈసారి నిజంగానే వదల్లేదు. ఊపిరి పోయాక కూడా చాలాసేపు.

"వింటున్నావా?" మంచం మీంచి ఆయన గొంతు. ఆయాసంతో మాట ఆగి ఆగి వస్తోంది. "నేను పోయేటప్పుడు నువ్వు దగ్గరికి రాకు. ఆ చెయ్యి నా మీద పడటానికి వీల్లేదు."

ఆమె సూది గుడ్డకు గుచ్చి పక్కన పెట్టింది. ఇన్నేళ్ళూ నింద మోయడం కష్టమనిపించలేదు, ఒక ముసలిదాని నవ్వు దాచిపెట్టినందుకు అది కిరాయి అనుకుంది. కానీ ఈయన ఇలా ఎవరి చెయ్యీ లేకుండా మునిగిపోతాడా? అత్తయ్యా, ఇక చెప్పేస్తున్నాను, అనుకుంది.

చెప్పింది. ఆయన పైకప్పు మీది వెలుగునే చూస్తూ విన్నాడు.

"మా అమ్మా? నీళ్ళలోనా?"

"చాలా బాగా తేలేది. మీరు నవ్వుతారని చెప్పొద్దంది. అందుకే నన్ను పిలిచింది, అంతేనండీ. మీరూ రండి రేపు. లోతుకి వద్దు. మెడ కింద నేను పట్టుకుంటాను."

 ఆయన గోడవైపు తిరిగాడు.

"ఈ మాట నా దగ్గర ఇంకెప్పుడూ ఎత్తకు. నేనూ ఎత్తను."

అన్నంత పనీ చేశాడు. ఉప్పు తగ్గింది, గుండీలు ఊడాయి, ఒక్క మాట లేదు. ఇల్లు ఎంత నిశ్శబ్దమైందంటే ఏటి చప్పుడు వంటింటిదాకా వినిపించేది. తెల్లారుతూనే ఆమె తువ్వాలు భుజాన వేసుకుని గుమ్మంలో కాసేపు ఆగేది. దిండు పక్కకు తోసేసి, తన చేతినే మెడ కింద పెట్టుకుని, ఆయన కళ్ళు మూసుకుని ఉండేవాడు. ఆ మాట మాత్రం ఎత్తలేదు.