రంగుమందు

అత్తగారి తల దువ్వడం అశ్వినికి రోజూ పొద్దుటి పని. ఆ పూట కిటికీ పక్కన కూర్చోబెట్టి చిక్కు తీస్తుంటే జయమ్మ విసుక్కుంది.

"లైటెయ్యవేమే? ఇంత చీకట్లో ఏం కనబడుతుందని దువ్వుతాండావు?"

తెల్లటి ఎండ జయమ్మ ఒడి నిండా ఉంది.

అశ్విని దువ్వెన పక్కన పెట్టి ముందుకొచ్చింది. కళ్ల ముందు వేళ్లు ఆడించింది. రెప్ప పడలేదు. "అత్తా, నేనెవరు?"

"ఎవరో ఆడమనిషివి. చెయ్యి మెత్తగుండాది."

జయమ్మ కిడ్నీలు పాడై రెండేళ్లయింది. డయాలసిస్ మీదే బతుకు. గుండెల్లో నొప్పంటే నిన్ననే ఆంజియోగ్రామ్ చేసి ఇంటికి పంపారు. పక్కగదిలో లాప్‌టాప్ ముందున్న భర్త యశ్వంత్‌కి చెబితే తల తిప్పలేదు. "నిద్రలేక మగతగా ఉంటుందిలే. రేపు ఎలాగూ డయాలసిస్‌కి పోతారు కదా. ఇవాళ బంద్, బండ్లు తిరగవు. ప్రతిదానికీ కంగారే నీకు."

పోతారు. రెండేళ్లుగా అదే మాట. పోతాం అని ఒక్కసారీ అనలేదు కన్నకొడుకు. సెలవు కావాలని ఫోన్ చేస్తే మేనేజరు, "మళ్లీ మీ అత్తగారేనా? ఇంట్లో ఇంకెవరూ లేరా?" అన్నాడు. ఉన్నారు, గది తలుపేసుకుని ఉన్నారు అని చెబుదామనుకుని మింగేసింది.

ప్రత్యేక రాష్ట్రం కోసం సకల జనుల సమ్మె నడుస్తున్న రోజులవి. కింద ఆటో చంద్రయ్య బండికి జెండా కట్టుకుని కూర్చున్నాడు. అశ్విని రమ్మంటే, "బంద్ మాదే గదమ్మా, నేనే బండి తీస్తే ఎట్ల?" అంటూనే, గోడ తడుముకుంటూ వస్తున్న జయమ్మను చూసి లేచాడు. "ఏమైందమ్మా పెద్దమ్మకు? కూసోండ్రి. దవాఖానకు బంద్ ఏంది?"

కొత్తగూడ దగ్గర జనం ఆపారు. నోరు తెరిస్తే కడప యాస బయటపడుతుందని అశ్వినికి గుబులు. రోడ్డు మీద బైఠాయించిన ఒకావిడ లేచొచ్చి లోపలికి తొంగిచూసింది. "ముసలామెకు పానం బాగలేదు. జర తొవ్వియ్యుండ్రి!" అని అరిచింది. జనం పక్కకు జరిగారు.

ఆస్పత్రిలో పక్షవాతమేమోనని స్కాన్ తీశారు. కాదన్నారు. కిడ్నీ డాక్టరమ్మ వచ్చి నెమ్మదిగా చెప్పింది. "నిన్న ఆంజియోగ్రామ్‌కి ఎక్కించిన రంగుమందు మూత్రంలో పోవాలి. ఈవిడకు ఆ దారి లేదు. ఎక్కడో ఒకరికి అది మెదడు మీద పనిచేస్తుంది. రేపటిదాకా ఆగకుండా తెచ్చారు, మంచిదైంది. ఇప్పుడే డయాలసిస్ పెడదాం. చాలామందికి చూపు తిరిగొస్తుంది."

"అందరికీనా?"

డాక్టరమ్మ అశ్విని భుజం తట్టి వెళ్లిపోయింది.

మిషన్ తిరుగుతుండగా జయమ్మ చెయ్యి గాల్లో వెతికి అశ్విని చేతిని పట్టుకుంది. "అమ్మా, నాకు శాతగాదమ్మా. అందరూ తిన్నంక తినాలంటే ఆకలికి కండ్లు తిరుగుతాండాయి. మా ఆయప్పతో చెప్పగాకు."

ఒకసారి జ్వరమొచ్చి పడుకున్న అశ్వినితో, "మేమూ ఇట్లనే పండుకునింటే సంసారాలు గడిచేవా?" అన్నదీ ఈమే. ఆ మాట అశ్విని మరిచిపోలేదు. కానీ ఇప్పుడు తన వేళ్లను పట్టుకున్నది అత్తగారు కాదు, ఎవరి ఇంట్లోనో ఆకలితో నిలబడ్డ ఒక చిన్నపిల్ల. "చెప్పనులే. నువ్వు పండుకో తల్లీ," అని నుదురు నిమిరింది. తల్లీ అన్నందుకు తనకే ఏడుపొచ్చింది.

మర్నాడు మధ్యాహ్నానికి జయమ్మ కళ్లు చికిలించి చాలాసేపు చూసింది. "అశ్వినీ, నీ కండ్లకింద ఇంత నలుపేందే?"

అప్పుడొచ్చాడు యశ్వంత్. తల్లిని చూసి ఊపిరి పీల్చుకుని, "ఇంకా ఉంచాలంటున్నారు. నీకు లీవ్ దొరుకుతుందా?" అని అశ్వినిని అడిగాడు.

"ఆ పిల్లను ఇంటికి పోనీరా," అంది జయమ్మ. "నువ్వుండు."

అశ్విని బ్యాగ్ తీసుకుంది. నర్సు బీపీ మిషన్ పట్టుకుని లోపలికొస్తోంది. "డయాలసిస్ కోసం నరాలు కలిపిన చేతికి బీపీ చూడనియ్యొద్దు," అని అశ్విని అతనికి చెప్పింది.

"ఏ చెయ్యి?" అన్నాడు యశ్వంత్.

జవాబు నాలుక మీదికొచ్చింది. ఎప్పుడూ అలాగే వచ్చేస్తుంది. ఈసారి బయటికి రానివ్వలేదు.

"మీ అమ్మనే అడుగు," అని తలుపు దాటింది.

వెనక జయమ్మ గొంతు వినబడింది. "ఇదిగో నాయనా, ఇది. పట్టుకోని చూడు, లోపల ఎట్ల కొట్టుకుంటాందో."