నందివర్ధనం మీద వల

ముప్పై ఏళ్లు సముద్రం మీద తిరిగిన మనిషిని తెచ్చి తెనాలిలో తాళం వేసిన మేడకు కాపలా పెడితే ఏం చేస్తాడు? చెట్టుకీ పుట్టకీ కబుర్లు చెబుతాడు. సింగరయ్య అదే చేశాడు. బోటు మీద భుజం విరిగి, వల లాగే పని ఇక చేతకాక, పోయిన చలికాలం ఈ కొలువుకొచ్చాడు. మేడ సొంతదారులేమో బాపట్లలో ఉంటారు. భార్య వీరరాఘవమ్మ రేపల్లె మార్కెట్లో చేపల గంప వదిలి రాదు. రైలెక్కితే గంట ప్రయాణం, అయినా ఒక్కసారీ రాలేదు.

"ఆ గోడలు చూడ్డానికి బేరం పోగొట్టుకోమంటావా? బాగానే ఉంది సంబడం!" అనేది ఫోనులో.

పొద్దుగూకితే గోడ మీద రాధామనోహరం తీగ పూసేది. లావుపాటి ఆకుపచ్చ రెక్కల పురుగులొచ్చి, పువ్వు మీద వాలకుండా గాల్లోనే నిలబడి, పొడుగాటి నాలుక చాచి తేనె తాగేవి. సింగరయ్యకి మనుషులొచ్చినంత సంబరం. ఒకనాడు కళ్లెదుటే గబ్బిలం ఒకదాన్ని తన్నుకుపోయింది. గుమ్మం లైటు దగ్గర ఇంకోదాన్ని బల్లి పట్టింది.

"ఓరి మీ దుంప తెగ! ఉన్న నలుగురు చుట్టాల్నీ మింగేస్తే నేనెవరితో మాట్లాడను?" అని బల్లిని నిలబెట్టి తిట్టాడు.

ఆ మర్నాడే నందివర్ధనం ఆకు కింద వేలెడంత పచ్చ పురుగు కనబడింది. మెడ మీద రెండు నీలం కళ్లలాంటి చుక్కలు, తోక దగ్గర బుల్లి కొమ్ము. పూలు కోసుకోడానికొచ్చిన ఎదురింటి శివపార్వతి టీచరు చూసి, "మాపటేళ తేనె తాగేవాటి పిల్లేనండి బాబాయిగారూ. ఆకు మేసి మేసి మట్టిలో గూడు కట్టుకుంటుంది. ఆనక రెక్కలొస్తాయి" అంది.

సింగరయ్య ఉండబట్టలేక భార్యకు ఫోను చేశాడు.

"పురుగుని చూడ్డానికి రైలెక్కాలా? మతిగానీ పోయిందా నీకు?" అని నవ్విందామె. నవ్వి, ఎందుకో మెత్తబడింది. "సర్లే, రెక్కలొచ్చాక చెప్పు, వస్తా."

ఇక చూడండి ఆయన హడావిడి! గోరింకలు మొక్క మీద వాలితే చాలు, చీపురు పట్టుకుని పరుగు. చివరికి మంచం కింది పాత వల తీసి మొక్కంతా కప్పేశాడు. వల కన్ను సంగతి సింగరయ్యకి ఒకరు చెప్పాలా? గోరింక ముక్కు దూరదు, కాకి కాలు దూరదు. ఆకుల చుట్టూ ముసిరే సన్నటి నల్ల ఈగల్ని మాత్రం ఆయన లెక్కచేయలేదు. అంత పురుగుని ఆ నలుసులు ఏం చేస్తాయిలే అనుకున్నాడు.

ఒక ఉదయం పురుగు వీపు నిండా తెల్లటి గింజలు, నూకలంత. సింగరయ్య కంగారుగా వంగి చూశాడు. అంతలోనే మొహం చేటంతయింది. గుడ్లు! పీత పొట్ట కింద గుడ్లు మోసుకు తిరగదూ? వలలో గుడ్ల పీత పడితే ఆయన ఏనాడూ గంపలో వేయలేదు, దణ్ణం పెట్టి నీళ్లలో వదిలేవాడు. ఇదీ అంతేననుకున్నాడు. పురుగు మేత మానేస్తే, నిండు చూలాలికి తిండి సయిస్తుందా అని సరిపెట్టుకున్నాడు.

"ఒకటి కాదే, మంద! మన పురుగు గుడ్లు పెట్టింది" అన్నాడు ఫోనులో.

"అమ్మో, అయితే పురిటికి రావాల్సిందే. ఈ ఆదివారం వస్తా. వంజరం తెస్తా, పులుసు పెట్టుకుందాం."

శనివారం పొద్దున ఇల్లంతా ఊడ్చి, రెండో కంచం తోమి పెట్టి, మొక్క దగ్గరకెళ్లాడు. గింజలు మూతలు తీసినట్టు తెరుచుకుని ఉన్నాయి. వాటిలోంచి సన్నటి నల్ల ఈగలు పాకి వచ్చి, వల కళ్లలోంచి దర్జాగా ఎగిరిపోతున్నాయి. పురుగు ఎండు చిక్కుడుకాయలా వేలాడుతోంది. వేలితో తాకితే లోపలేమీ లేదు.

సింగరయ్యకి అప్పుడర్థమైంది. మొదట్లో ఆకుల చుట్టూ ముసిరిన ఈగలే పురుగు ఒంట్లో గుడ్లు పెట్టాయి. పిల్లలు దాన్ని లోపల్నుంచి తిని, బయటికొచ్చి వీపు మీద గూళ్లు కట్టుకున్నాయి. ఇన్నాళ్లూ తను మురిసింది వాటిని చూసి. వల కప్పి కాపలా కాసింది వాటికి. ఏడుపొచ్చింది. ఆపుకోకుండా ఏడ్చాడు, చూసేవాళ్లెవరు గనక.

పొద్దు వాలాక ఫోను మోగింది. "వంజరం దొరికింది. పొద్దుట బండికే వస్తున్నా. ఎట్లా ఉంది నీ బాలింత?"

బాగుందంటే వస్తుంది. వచ్చి, ఆ ఎండు తోలు చూసి తిడుతుంది. ఎదురుగా కూర్చునే తిడుతుంది. ఆ ఆశ ఉన్నా, ఆయన నోరు అబద్ధానికి తిరగలేదు.

"చచ్చిపోయిందే. అవి దాని గుడ్లు కావు."

"అయ్యో పాపం!" అంది వీరరాఘవమ్మ. మనస్ఫూర్తిగానే అంది. "మరింక వచ్చి చూడ్డానికేముందయ్యా అక్కడ? ఆదివారం బేరమన్నా చూసుకుంటా. ఇంకోటి కనబడితే చెప్పు, అప్పుడొస్తా."

నేనున్నాను కదే. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది.

"అవునవును, బేరం పాడుచేసుకోకు" అన్నాడు సింగరయ్య.

గోడ మీద రాధామనోహరాలు విచ్చుకున్నాయి. ఆయన అటు చూడలేదు. మొక్క మీది వల లాగి పక్కన పడేసి, ఇంకో పురుగు ఉందేమోనని ఒక్కో ఆకూ తిరగేసి చూడటం మొదలుపెట్టాడు.